మాట నేర్పాల్సింది మాట్లాడేవాళ్లే

ఆస్ట్రేలియాలో ఇంట్లో అరబ్బీ మాట్లాడేవాళ్లు 2021 జనగణన ప్రకారం 3,67,159 మంది. ఇంగ్లిష్, మాండరిన్ తర్వాత స్థానం ఆ భాషదే. సిడ్నీ పడమటి వైపు బ్యాంక్స్‌టౌన్, లకెంబా, ఫెయిర్‌ఫీల్డ్ వీధుల్లో నడిస్తే ఆ లెక్క చెవికే తెలుస్తుంది. అయితే అక్కడ వినిపించేది ఒకే అరబ్బీ కాదు. 1975లో లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక తరలివచ్చిన కుటుంబాలది ఒక యాస. సిరియా, ఇరాక్ శరణార్థుల కోసం 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వం అదనంగా ప్రకటించిన 12,000 వీసాల మీద వచ్చినవాళ్లవి మరికొన్ని యాసలు. ఈజిప్టు, సూడాన్ వాళ్లవి వేరు. ‘ఇప్పుడు’ అనాలంటే బీరూట్ మనిషి ‘హల్లా’ అంటాడు, బాగ్దాద్ మనిషి ‘హస్సా’ అంటాడు, కైరో మనిషి ‘దిల్‌వాతీ’ అంటాడు. బడి పుస్తకంలోనూ టీవీ వార్తల్లోనూ ఉండేది ‘అల్‌ఆన్’.

కృత్రిమ మేధ ప్రపంచ భాషలన్నీ నేర్చేసిందని రోజూ వింటున్నాం. ఈ వీధుల్లో ఆ మాట నిలవదు. పెద్ద కంపెనీల మోడళ్లను అరబ్బీలో పలకరిస్తే తరచుగా వార్తాపత్రిక భాషలో జవాబిస్తాయి. అది తప్పుడు భాష కాదు, గౌరవనీయమైన భాషే. కానీ అది ఎవరింట్లోనూ పొయ్యి దగ్గర మాట్లాడుకునే భాష కాదు. చదువుకోని అమ్మమ్మకు అది సగమే అర్థమవుతుంది. దీనికి విరుగుడు మరింత పెద్ద మోడల్ అని నేను అనుకోను. యాస మాట్లాడేవాళ్లు తమ మాటను తామే పోగుచేసి, తామే సరిచూసి, తమ చేతిలోనే ఉంచుకునే చిన్న మోడల్ కావాలి. మన తెలుగుకూ ఇదే దారి అని చెప్పడానికే ఈ వ్యాసం.

నాది కోరుట్ల. గల్ఫ్ అనే మాట తెలియని ఇల్లు మా వైపు ఉండదు. మా నాన్న సౌదీలోని దమ్మామ్‌లో భవన నిర్మాణ పనుల్లో ఏళ్లకేళ్లు గడిపాడు. అరబ్బీ అక్షరం ఒక్కటీ చదవలేడు. అయినా బకాలాలో (కిరాణా కొట్టులో) సరుకులు తెచ్చుకోవడానికి, అకామా (నివాస అనుమతి) కోసం కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) మనిషితో మాట్లాడటానికి, ఎండలో పని ఆపమని అడగడానికి ఆయనకు అరబ్బీ చాలినంత వచ్చు. ఆ అరబ్బీ ఏ వ్యాకరణ పుస్తకంలోనూ లేదు. పనిచేసే చోట, జతగాళ్ల నోట విని నేర్చుకున్నది. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్లిన లక్షల మంది తెలుగువాళ్లు అలాగే నేర్చుకున్నారు. నేను సిడ్నీలో డేటా ఇంజినీరుగా పనిచేస్తున్నాను. అరబ్బీ యాసకు చిన్న మోడల్ తయారు చేద్దామని బ్యాంక్స్‌టౌన్ మిత్రులు అడిగినప్పుడు ఒప్పుకోవడానికి మా నాన్న బతుకే కారణం.

మా బృందం చిన్నది. ఇరాక్‌లో బడిపంతులుగా పనిచేసి ఇక్కడ స్థిరపడిన పెద్దాయన ఒకరు. ఆయన్ను అందరం ‘ఉస్తాద్’ అంటాం. లెబనాన్ మూలాలున్న నర్సు ఒకరు, యూనివర్సిటీలో చదివే సూడాన్ అమ్మాయి ఒకరు, మరికొందరు. శనివారాలు కలుస్తాం. యంత్రం పని నాది. భాష మీద తీర్పు వాళ్లది. ఈ పని పంపకమే మా పద్ధతికి ప్రాణం.

ముందు చిక్కు ఎక్కడుందో చెప్పాలి. రాసే భాష ఒకటి, మాట్లాడే భాష మరొకటిగా సమాజం రెండు అంతస్తుల్లో బతకడాన్ని చార్లెస్ ఫెర్గూసన్ అనే భాషావేత్త 1959లో ‘డైగ్లాసియా’ పేరుతో వివరించాడు. ఆయన తీసుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబ్బీ ఒకటి. భాషా మోడల్ నేర్చుకునేది రాసిన పాఠం నుంచే. అరబ్బీలో రాసినదంతా దాదాపు పై అంతస్తుదే: వార్తలు, పుస్తకాలు, ప్రభుత్వ పత్రాలు, విదేశీ సినిమాల సబ్‌టైటిళ్లు. కింది అంతస్తు మాట ఫోన్ మెసేజ్‌ల్లో దొరుకుతుంది, కానీ అక్కడ దానికి స్థిరమైన వర్ణక్రమం లేదు. ఒకే మాటను నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. కుర్రాళ్లయితే ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తూ, ఆ అక్షరాలకు అందని ధ్వనులకు 3, 7 వంటి అంకెలు వాడతారు. ఈజిప్టు యాసకు సినిమాలు, టీవీ సీరియళ్ల బలం ఉంది కాబట్టి పెద్ద మోడళ్లకు అది కొంత పట్టుబడింది. ఇరాక్, సూడాన్ యాసలకు ఆ బలం లేదు.

పరిశోధకులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. యాసలకు ఒక రాత పద్ధతి ఉండాలని నిజార్ హబాష్, మోనా దియాబ్, ఓవెన్ రాంబో 2012లో ‘కోడా’ అనే నియమావళి ప్రతిపాదించారు. 2018లో ‘మదార్’ అనే సేకరణ వెలువడింది. రబాత్ నుంచి మస్కట్ దాకా 25 నగరాల మాటతీరులోకి ఒకే వాక్యాలను అనువాదం చేయించి పోగుచేశారు. 2024లో అబుధాబీలోని మొహమ్మద్ బిన్ జాయెద్ కృత్రిమ మేధ విశ్వవిద్యాలయం వాళ్లు మరికొందరితో కలిసి మొరాకో యాస దరీజా కోసం ‘అట్లాస్ చాట్’ తెచ్చారు. గూగుల్ ఉచితంగా ఇచ్చిన జెమ్మా మోడల్‌నే తీసుకుని దరీజాలో తర్ఫీదు ఇచ్చారు. మోడల్ ఎంత పెద్దదో చెప్పేది దాని లోపలి పారామీటర్ల లెక్క, అంటే తర్ఫీదులో సర్దుకునే అంకెలు. దరీజా పరీక్షలో వాళ్ల 900 కోట్ల పారామీటర్ల మోడల్ తనకంటే పెద్దదైన 1300 కోట్ల పారామీటర్ల మోడల్‌ను 13 శాతం మేర దాటింది. పెద్దదే గొప్పదన్న నమ్మకానికి ఇంతకంటే సూటి జవాబు అక్కర్లేదు.

మేము తీసుకున్నది ఇంకా చిన్నది, 150 కోట్ల పారామీటర్ల మోడల్. అటువంటి మోడల్‌ను మొదటి నుంచి తయారు చేయడం మా బోటివాళ్ల తరం కాదు. కానీ తయారై ఉన్నదాన్ని ఒక పనికి మలచడం ఇప్పుడు మధ్యతరగతి ఇంటి ఖర్చులో అయ్యే పని. 2021లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చూపిన ‘లోరా’ పద్ధతిలో అసలు మోడల్‌ను కదపకుండా ఉంచి, దానికి పక్కన చిన్న పొరలు చేర్చి, ఆ పొరలకే కొత్త మాట నేర్పుతారు. కదిలేది మొత్తంలో నూటికి ఒకటి రెండు వంతులే. 2023లో వచ్చిన ‘క్యూలోరా’ మోడల్‌ను నాలుగు బిట్లకు కుదించి ఈ పనిని మరింత తేలిక చేసింది. గేమింగ్ కంప్యూటర్‌లో ఉండే గ్రాఫిక్స్ కార్డు దీనికి చాలు. పని పూర్తయ్యాక మోడల్ ఒక గిగాబైట్ చుట్టూ ఉంటుంది. మామూలు ఫోన్‌లో, ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది.

కాబట్టి కష్టం యంత్రంలో లేదు. అంతా మాటల సేకరణలోనే ఉంది.

సులువైన దారి ఒకటి కనబడుతూనే ఉంటుంది. ఇంగ్లిష్ సంభాషణలను యంత్రంతో అరబ్బీలోకి దించి, దాన్నే పాఠంగా పెట్టడం. ఉస్తాద్ మొదటి శనివారమే దానికి అడ్డుచెప్పారు. అలా తయారైన మోడల్ అరబ్బీ మాటలతో ఇంగ్లిష్ మాట్లాడుతుందని ఆయన వాదన. అందుకని మనుషుల దగ్గరకే వెళ్లాం. కుళాయి కారుతోందని ఇంటి ఓనర్‌కు ఫోన్ చేస్తే ఏమంటారు? పిల్లకు జ్వరం, బడికి రాదని టీచర్‌కు ఎలా చెబుతారు? జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర అపాయింట్‌మెంట్ ఎలా అడుగుతారు? కరెంటు బిల్లు రెండు విడతల్లో కడతానని ఎలా ఒప్పిస్తారు? ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఆ సంభాషణలు నడిపించి రికార్డు చేశాం. ప్రతి ఒక్కరి దగ్గరా వాళ్ల భాషలోనే అనుమతి తీసుకున్నాం. పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు తీసేశాకే రాతలోకి ఎక్కించాం.

అప్పుడు బయటపడ్డ విషయాలు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనివి. ఒకటి, ఇక్కడి అరబ్బీలో ఆస్ట్రేలియా కలిసిపోయింది. మెడికేర్ (ప్రభుత్వ వైద్య పథకం), సెంటర్‌లింక్ (ప్రభుత్వ భృతుల కార్యాలయం), బాండ్ (ఇంటి అద్దె డిపాజిట్), రెజో (బండి రిజిస్ట్రేషన్) ఇవన్నీ అరబ్బీ వాక్యం మధ్యలో సహజంగా దొర్లుతాయి. వాటిని ఏరిపారేస్తే మిగిలేది బ్యాంక్స్‌టౌన్ మాట కాదు. రెండు, వరసలు. ఇరాక్ కుర్రాడు తన తండ్రి వయసున్న పరాయి మనిషిని ‘అమ్మూ’ అంటాడు, మనం బాబాయ్ అన్నట్టే. పుస్తకాల మీద పెరిగిన మోడల్‌కు ఈ మర్యాద తెలియదు, పెద్దవాళ్లతో కూడా మొరటుగా మాట్లాడుతుంది. మూడు, ఆడవాళ్లతో మాట్లాడే తీరు. అరబ్బీలో ఎదుటి మనిషి ఆడో మగో అన్నదాన్ని బట్టి క్రియ మారుతుంది. పాఠంలో మగవాళ్ల మాటలే ఎక్కువైతే మోడల్ అందరినీ మగవాళ్లుగా భావించి జవాబిస్తుంది. ఇది మొదట పసిగట్టింది మా నర్సే. ఆ తర్వాత ఆడవాళ్ల సంభాషణలు కావాలనే ఎక్కువగా పోగుచేశాం.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యమైనది, సరిచూడటం. మోడల్ బాగుపడిందో లేదో చెప్పే అంకెలు కంప్యూటర్ ఎన్నో ఇస్తుంది. ఆ అంకెలు మెరుగవుతున్నా మాట మాత్రం రెండు మూడు వాక్యాలకే పత్రికా భాషలోకి జారిపోవచ్చు, లేదా బీరూట్ యాసలో మొదలుపెట్టి కైరోలో తేలవచ్చు. ఒక వాక్యంలో యాస పాలు ఎంతో కొలిచే ‘ఆల్డీ’ అనే పద్ధతిని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో ఇచ్చారు. అది ఉపయోగపడుతుంది. కానీ ఆఖరి తీర్పు చెవులదే. రెండు జవాబులు పక్కపక్కన పెట్టి, ‘మీ ఇంట్లో ఎవరైనా ఇలా అంటారా?’ అని ఆ ఊరి మనిషిని అడగడమే మా పరీక్ష. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే అర్హత కొన్నిసార్లు ఇంజినీరుకు ఉండదు, సంతకం పెట్టలేని ముసలమ్మకు ఉంటుంది. కృత్రిమ మేధలో సామాన్యులకు ఇంత పెద్ద పీట దక్కే పని నాకు మరొకటి కనిపించలేదు.

మరి ఈ మోడల్ ఎందుకు? ఫోన్ చేసే ముందు ఏం మాట్లాడాలో సాధన చేయడానికి. వచ్చిన ఉత్తరం దేని గురించో ఇంటి మాటలో తెలుసుకోవడానికి. ఇక్కడే పుట్టిన మనవలు నానమ్మ మాట నేర్చుకోవడానికి. అంతవరకే. ఆసుపత్రిలో, కోర్టులో, పోలీస్ స్టేషన్‌లో దీన్ని దుబాసీగా వాడకూడదని మేము ముందే రాసుకున్నాం. చిన్న మోడళ్లు లేనిది ఉన్నట్టు చెబుతాయి. మందు మోతాదు విషయంలో అది ప్రాణాలు తీస్తుంది. ఆస్ట్రేలియాలో 1973 నుంచి టెలిఫోన్ దుబాసీ సేవ ఉంది. 131 450కి ఫోన్ చేస్తే పగలూ రాత్రీ మనిషే పలుకుతాడు. దుబాసీల అర్హత చూడటానికి 1977లో నాటీ సంస్థ ఏర్పడింది. యాభై ఏళ్లుగా కట్టుకున్న ఆ వ్యవస్థకు యంత్రం తోడుగా నిలవాలి. ఖర్చు మిగులుతుందని దాని స్థానంలో కూర్చోబెట్టడం అన్యాయం.

భాష తెలిసిన మనిషి చూడకపోతే ఏమవుతుందో కొవిడ్ కాలం చూపించింది. 2020లో విక్టోరియా రాష్ట్ర ప్రజల కోసం తయారైన ఒక హెచ్చరిక పత్రంలో అరబ్బీ, ఫార్సీ కలగలిసిపోయాయి. లిపి దగ్గర దగ్గరగా ఉంటుంది కాబట్టి, చదవడం రాని కళ్లకు రెండూ ఒకటే. మరుసటి ఏడాది సిడ్నీలో అతి కఠినమైన లాక్‌డౌన్ ఆంక్షలు పడింది ఫెయిర్‌ఫీల్డ్, కాంటర్‌బరీ-బ్యాంక్స్‌టౌన్, లివర్‌పూల్ వంటి ప్రాంతాల మీదే. అరబ్బీ మాట్లాడే జనం ఎక్కువగా ఉన్నదీ అక్కడే. కట్టుబాట్లు గట్టిగా ఉన్నచోటే సమాచారం వాళ్ల మాటలో, తప్పుల్లేకుండా అందాలి.

పెద్ద కంపెనీలు రేపో మాపో ఈ యాసలన్నీ నేర్చుకుంటాయి, మీకెందుకు ఈ శ్రమ అని అడిగేవాళ్లున్నారు. నేర్చుకోవచ్చు. ఎవరి మాటలతో, ఎవరిని అడిగి నేర్చుకుంటాయన్నదే నా ప్రశ్న. నియంతల పాలన తప్పించుకుని వచ్చిన మనిషి తన గొంతు ఏ దేశపు సర్వర్‌లో దాచారో తెలియని యంత్రంతో మనసు విప్పి మాట్లాడడు. ఫోన్‌లోనే ఉండి, బయటకు ఏమీ పంపని మోడల్‌తో మాట్లాడతాడు. పొరుగునే న్యూజిలాండ్‌లో మావోరీ రేడియో సంస్థ తె హికు మీడియా ఈ దారి వేసింది. 2018లో పది రోజుల్లో తమ జనం చేత 300 గంటలకు పైగా మావోరీ మాటలు చదివించి రికార్డు చేసుకుంది. ఆ గొంతులకు తాము యజమానులం కాదు, కాపలాదారులం అని ప్రకటించి, జనం మేలుకు మాత్రమే వాడాలన్న షరతుతో సొంత లైసెన్సు రాసుకుంది. మేము అనుసరిస్తున్నది ఆ సూత్రాన్నే.

ఇక మన సంగతి. 2011 జనగణన నాటికి భారతదేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. ఆస్ట్రేలియాలో 2021 నాటికి దాదాపు 60 వేలు. మోడళ్లు మనతో మాట్లాడే తెలుగు ఎలా ఉంది? కోరుట్లలో ఎవరూ అలా మాట్లాడరు, పలాసలో మాట్లాడరు, ప్రొద్దుటూరులో మాట్లాడరు. అది అనువాదాల తెలుగు. సిడ్నీకి వచ్చిన మా అమ్మ ఫోన్‌లో యంత్రాన్ని ఏదైనా అడిగితే, అది చెప్పింది నేను మళ్లీ తెలుగులోకి మార్చి చెప్పాల్సి వస్తోంది.

ఇది మనకు కొత్త పోరాటం కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ముందు సవరల మాట నేర్చుకున్నారు. పుస్తకాలు లేని భాష అది. సవర మాట్లాడే మనుషులనే గురువులుగా పెట్టుకుని, విని, రాసుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు ప్రచురించారు. మాట్లాడే తెలుగుకు బడిలో చోటు కావాలని జీవితమంతా కొట్లాడింది కూడా ఆయనే. భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో మాండలిక వృత్తిపదకోశం పని జరిగింది. ఊళ్లకు వెళ్లి రైతులను, నేతగాళ్లను అడిగి పదాలు పోగుచేశారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. మేము బ్యాంక్స్‌టౌన్‌లో చేస్తున్న పని వాళ్లు కంప్యూటర్ లేని రోజుల్లోనే చేసి చూపించారు.

ఇప్పుడు కూడా మంచి ప్రయత్నాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఇంజినీరింగ్ విద్యార్థుల సాయంతో పాత తెలుగు కథలను కంప్యూటర్‌కెక్కించి, కథలు చెప్పే చిన్న తెలుగు మోడల్ తెచ్చింది. తెలుగు యువకులు జెమ్మా మీద కట్టిన ‘నవరస’ను గూగుల్ 2024లో తన వార్షిక సభలో చూపించింది. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ 22 భారతీయ భాషల్లో వేల గంటల గొంతులను సేకరించింది, అందులో ఎక్కువ భాగం చదివినది కాదు, అప్పటికప్పుడు మాట్లాడినది. వీటి మీద నిలబడి చేయాల్సిన తరువాతి పని జిల్లా జిల్లా సంభాషణ. రైతు బ్యాంకు మేనేజరుతో మాట్లాడే మాట, కోడలు ఆశా కార్యకర్తతో మాట్లాడే మాట, గల్ఫ్ నుంచి కొడుకు తల్లితో మాట్లాడే మాట.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ, విశ్వవిద్యాలయాలనూ అడిగేది ఒకటే. ఆగస్టు 29న, సెప్టెంబర్ 9న భాషా దినాలు జరుపుకుంటున్నాం. ఆ రోజుల్లో దండలతో పాటు రికార్డర్లు కూడా బయటకు తీయండి. ప్రతి డిగ్రీ కళాశాల తెలుగు శాఖ తన మండలంలోని సంభాషణలను అనుమతితో సేకరించి, ఆ ఊరివాళ్ల చేతే సరిచూయించి, వాణిజ్య దోపిడీకి వీల్లేని షరతులతో అందరికీ అందుబాటులో ఉంచాలి. ఇందుకు కావాల్సింది పెద్ద బడ్జెట్ కాదు, ఓపిక, నిజాయితీ.

సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, పెర్త్ తెలుగు సంఘాలకు నా విన్నపం. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు, ఏడాది మన ఇళ్లలో ఉంటున్నారు. శ్రీకాకుళం, చిత్తూరు, ఖమ్మం, పాలమూరు మాటలన్నీ ఒకే హాలులో కలిసే అవకాశం మనకు ప్రతి ఉగాదికీ వస్తోంది. ఈసారి ఒక గది వాళ్ల కోసం తెరవండి. వాళ్లిద్దరిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించండి, రికార్డు చేయండి, రాయించండి. యంత్రం సంగతి చూసుకోవడానికి మన పిల్లల్లో చదువుకున్నవాళ్లు కావాల్సినంత మంది ఉన్నారు. మాట ఇచ్చే పెద్దవాళ్లు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.